బీవర్‌కిల్ యేటి యొడ్డున నొక దినము



నేడు నేను మీకు విన్నవింపబోవునది రాజుల చరిత్రము గాదు, యుద్ధముల చరిత్రము గాదు. అమెరికా దేశమున, న్యూయార్కు రాష్ట్రములో, కొండలనడుమ బాఱు రెండు మూడు చిన్న యేళ్ల యొడ్డున గాలములు వేయువారి చరిత్రము. "తెలుగు పండితునకు చేపల గోల యేల?" యని మీలో గొందఱు నవ్వవచ్చును. నవ్వుడు. నేను చేపను దినువాడను గాను, గాలమును జేత బట్టినవాడనును గాను. నిరుడు ఫాల్గుణమాసమున నా మనుమని వెంట నొక్క దినము తిరిగి కన్నదియు, విన్నదియు, పిమ్మట పుస్తకములలో జదివినదియు గలిపి చెప్పుచున్నాను.

నా కుమారుడు న్యూజెర్సీ రాష్ట్రమున నున్నాడు. అది మన తెలుగువారు వేలకొలదిగా గాపురమున్న చోటు. అంగడిలో గోంగూర దొరకును, గుడిలో ఉగాదికి బంచాంగశ్రవణము జరుగును. అచ్చట బెరిగిన నా మనుమనికి బదునాలుగేండ్లు. పొరుగింటి వృద్ధుడొకడు వానికి గాలపు విద్య నేర్పినాడు. కోడలికి ఇది సుతరాము గిట్టదు. "మామయ్యగారూ, మీరైన వానికి బుద్ధి చెప్పండి" యని వ్యాజ్యమును నాయొద్దకు దెచ్చినది. చూడక తీర్పు చెప్పుట న్యాయము గాదు గదా యని నేను వాని వెంట బయలుదేరితిని. కుమారుడు కారు నడపెను.

న్యూయార్కు రాష్ట్రమున ట్రౌటు అను చేపను బట్టుటకు బహుకాలముగా నొక ఋతువు నియతమైయున్నది. ఏప్రిలు 1వ తేదీన నది మొదలగును. 2022 నుండి చట్టము కొంత సడలి, శీతకాలమందును బట్టి వెంటనే నీట విడిచిపెట్టువారికి ననుమతి కలిగినది. అయినను ఏప్రిలు 1వ తేదీ వారికి బండుగయే. పండుగకు ముందు మన యిండ్లలో సున్నములు వేసి, బట్టలు కొని, బంధువులకు గబురంపునట్లు, వారును మార్చి మాసమున అంగళ్లకు బోయి ఈకలు, దారములు, గాలపు ముండ్లు కొందురు. ఏళ్లను జూచి, మంచు కరగినదా, నీరెంత చల్లగా నున్నదని విచారింతురు. మేమును అట్టి ప్రయాణమే చేసితిమి.

ముందుగా ఈ విద్య యేమో చెప్పవలయును. లేకున్న తరువాతి కథ యర్థము గాదు. మన చెఱువులలో గాలమునకు వానపామునో పిండిముద్దనో గ్రుచ్చుదురు. ఈ విద్యలో ప్రాణముగల యెర లేదు. గాలపు ముంటికి ఈకలును, బొచ్చును, పట్టుదారమును జుట్టి యొక కృత్రిమ కీటకమును జేయుదురు. దానిని వారు 'ఫ్లై' యందురు, అనగా ఈగ. అది యెండుటాకువలె తేలిక. కావున దానిని విసరుట సాధ్యము గాదు. బరువైన దారమును విసరిన, ఆ దారము వెంట నీగ పోయి నీటిమీద మెల్లగా వ్రాలును. తొలకరి వానకు మన పుట్టలనుండి యుసిళ్లు లేచుట మీరెఱుగుదురు. ఆ యేళ్లలో మే ఫ్లై యను పురుగులు తఱచుగా నొక యేడు నీటిలో ఱాళ్లక్రింద బెరిగి, ఒక దినము గుంపుగా బైకి వచ్చి ఱెక్కలు విప్పును. ఱెక్కలు వచ్చిన పిమ్మట వానికి దినుటకు బనికివచ్చు నోరుండదు. ఒకటి రెండు దినములు, కొన్నిజాతులవి కొన్ని గడియలే బ్రతికి, గ్రుడ్లుపెట్టి చచ్చును. ట్రౌటు వానికై కాచుకొనియుండును. ఏ పురుగు ఏ వారమున లేచునో, దాని రంగేదో, పొడవెంతయో యెఱిగి, దానిని బోలిన యీగను గట్టుటయే యీ విద్య.

ఇది నిన్న మొన్నటిది గాదు. క్రీస్తుశకము 200 ప్రాంతమున ఈలియన్ అను రోము దేశపు రచయిత, మాసిడోనియా దేశమున ఒక యేటియొడ్డువారు గాలమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడక్రింది యీకలు రెంటిని గట్టి చేపలను మోసగించుచున్నారని వ్రాసెను. ఇంగ్లండులో 1496లో నచ్చయిన గాలపు శాస్త్రమొకటి పండ్రెండు విధముల యీగలను వర్ణించినది. అక్కడినుండి ఇంగ్లీషువారు దీనిని బెంచిరి. మన దేశమునకును ట్రౌటు వారి వెంటనే వచ్చినది. 1900లో స్కాట్లండునుండి వచ్చిన గ్రుడ్లు కాశ్మీరములో బొదిగినవి. కొలది యేండ్లకు నీలగిరులలోను ఆ చేప స్థిరపడినది. చల్లని నిర్మలజలము లేనిచోట నది బ్రతుకదు. కావుననే మన గోదావరికిని గృష్ణకును రాలేదు.

ఇక ప్రయాణము. తెల్లవాఱకమునుపే బయలుదేరి కాట్‌స్కిల్ కొండలు చేరితిమి. అవి న్యూయార్కు నగరమునకు ఉత్తరముగా నున్న మొద్దుకొండలు. మన నల్లమలవలె నెత్తు చాలక, పచ్చదనము మిక్కుటముగ నుండునవి. నేను పోయిననాడు పచ్చదనము లేదు. చెట్లు మోడులు. నీడపట్టున మంచు. అక్కడి యేళ్ల పేళ్లు చివర 'కిల్' అని యుండును. ఇంగ్లీషు తెలిసినవాడు దీనిని జంపుట యనుకొని బెదరును. అది డచ్చివారి మాట, ఏఱని యర్థము. బీవర్‌కిల్ అనగా బీవరను జంతువు తిరుగు నేఱు. చెట్లను గొఱికి కూల్చి యానకట్టలు గట్టుకొను జంతువది.

ముందుగా మా వాడు మమ్ము 'నెవర్‌సింక్' అను నేటి యానకట్టకు దీసికొనిపోయెను. ఆ పేరునకు ఇంగ్లీషు చెవికి 'ఎన్నడును మునుగనిది' యని తోచును. చూచిన, నదియే మునిగియున్నది. న్యూయార్కు నగరమునకు మంచినీటికై కట్టిన జలాశయములలో నిది యొకటి. అశోకాన్ జలాశయము 1915లో, నెవర్‌సింక్ 1950లలో వాడుకలోనికి వచ్చినవి. పెపాక్టన్ ఆ వెనువెంటనే. ఈ కొండల పడమటి భాగపు నీరు భూమిలోపల 85 మైళ్ల సొరంగమున నగరము దెసకు బోవును. ఆ యానకట్టల క్రింద గ్రామములు, పొలములు, గుడులు, శ్మశానములు మునిగినవి. సమాధులను ద్రవ్వి యెముకలను వేఱుచోటికి దీసికొనిపోయిరి. నాగార్జునసాగరమునకై నాగార్జునకొండ లోయ మునిగిన కథ మనకు దెలిసినదే గదా. అచ్చట మనవారు శిలలను గొండమీదికి మోసిరి. ఇచ్చట మోయవలసినది శిల గాదు, ఒక మనుష్యుని జాడ. అది మోయుటకు వీలుకాలేదు.

ఆ మనుష్యుని పేరు థియొడోర్ గోర్డన్. 1854లో పిట్స్‌బర్గులో బుట్టెను. క్షయరోగి, ఒంటరివాడు, వివాహము లేదు. జీవితాంత్యమున నెవర్‌సింక్ యేటి యొడ్డున నొక యింట జేరి, చలికాలమున ఈగలు గట్టి యమ్ముకొని, మంచు కరగిన పిమ్మట గాలము వేసికొని బ్రతికెను. 1915 మే 1వ తేదీన నచ్చటనే మరణించెను. అతడున్న చోటును, అతడు నిలిచిన మడుగులును నేడు నీటి యడుగున నున్నవి. యానకట్టమీద గాలి కొఱుకుచుండ, నేను దుప్పటి కప్పుకొని చూచితిని. నీరే తప్ప నేమియు గానరాలేదు.

ఇతని గొప్ప యేమందురు? దానికి గొంత వెనుకకు బోవలయును. ఆ కొండలలో బూర్వము 'బ్రుక్ ట్రౌటు' అను చేప యుండెడిది. అందగత్తె, అమాయకురాలు, చల్లని నీట మాత్రమే బ్రతుకునది. పందొమ్మిదవ శతాబ్దమున నచ్చట తోళ్లు ఊను శాలలు వెలసినవి. మనవారు తంగేడు చెక్కతో దోళ్లు ఊనునట్లు, వారు హెమ్‌లాక్ అను చెట్టు బెరడుతో నూనెడివారు. దక్షిణ అమెరికానుండి పచ్చితోళ్లు ఓడలలో వచ్చెడివి; తోళ్లను జెట్లకడకు దెచ్చుట, చెట్లను దోళ్లకడకు మోయుటకంటె సుళువు. బెరడు ఒలిచి మ్రానును అడవిలోనే కుళ్లనిచ్చిరి. నీడ పోయెను, నీరు వేడెక్కెను, శాలల మురికి యేళ్లలో గలిసెను. చెట్లు ముగిసిన పిమ్మట శాలలును ముగిసినవి. అంతలో 1870 ప్రాంతమున రైలుబండి వచ్చి నగరవాసులను గాలములతో దింపెను. మిగిలిన చేపలను వారు బుట్టలకొలది మోసిరి.

అప్పుడు జర్మనీనుండి వేఱొక చేప వచ్చినది. ఫ్రెడ్ మేథర్ అను నొక చేపల పెంపకపు నేర్పరికి, ఫాన్ బేర్ అను జర్మను ప్రభువు 1883లో 'బ్రౌన్ ట్రౌటు' గ్రుడ్లను ఓడలో నంపెను. అవి న్యూయార్కు దగ్గఱ లాంగు ఐలెండులో దిగి, కొన్ని యచ్చటను, కొన్ని వేఱు శాలలలోను బొదుగబడెను. ఈ చేప కొంచెము వెచ్చని నీటికిని ఓర్చును. అంతకంటె ముఖ్యము, ఇది గడుసుది. పాతవిధపు రంగురంగుల యీగలను జూచి మొగము త్రిప్పుకొనెను. మొదట జనులు దీనిని దిట్టిరి, 'పరదేశి' యనిరి. నన్నడిగిన, ఈ పరదేశి రాకున్న ఈ విద్యయే పుట్టియుండదు. శిష్యుడు మందమతియైన గురువునకు బని లేదు.

ఇంగ్లండులో హాల్ఫోర్డ్ అను నతడు 1886లో, నీటిమీద దేలియాడు నీగలను గట్టు విధము నొక గ్రంథముగా బ్రకటించెను. గోర్డన్ దానిని జదివి యతనికి ఉత్తరము వ్రాసెను. 1890లో హాల్ఫోర్డ్ ఉత్తరముతో గూడ తన యీగల మాదిరులను సముద్రము దాటించి పంపెను. పరిచయము లేనివాడు, ఎన్నడును జూడనివాడు అడిగిన, చేసిన పని నిచ్చి పంపుట! ఈ యొక్క సంగతికే హాల్ఫోర్డునకు నేను నమస్కరించుచున్నాను.

గోర్డన్ వానిని గన్నుమూసికొని యనుకరింపలేదు. ఇంగ్లండులోని యేళ్లు సున్నపునేలలో నెమ్మదిగా బాఱును. కాట్‌స్కిల్ యేళ్లు ఱాళ్లమీద దుముకును. అచ్చటి యీగ యిచ్చట మునిగిపోవును. పురుగులును వేఱు. కావున నతడు బిరుసైన కోడియీకలను జుట్టి, ఒకజాతి బాతు ప్రక్కయీకతో ఱెక్కలు నిలిపి, సన్నని నడుముతో గ్రొత్త యీగలను గట్టెను. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది 'క్విల్ గోర్డన్'. ఏప్రిలులో మొదట లేచు పురుగున కది ప్రతిబింబము. దాని నడుమును దేనితో జేయుదురో యెఱుగుదురా? నెమలికన్నునుండి తీసిన పోగుయొక్క నూగును గీచివేసి, మిగిలిన యీనెను గాలపు ముంటికి జుట్టుదురు. పోగునకు ఒక యంచు తెలుపు, ఒక యంచు నలుపు. చుట్టిన పురుగు పొట్టకున్న చాఱలవలె నుండును.

నేను దీనిని లివింగ్‌స్టన్ మేనర్ అను గ్రామములోని యొక యంగడిలో గంటితో జూచితిని. చిన్న యంగడి, లోపల ఈకల వాసన, కర్పూరపు వాసన. గోడల నిండ గోడితోళ్లు, ఉడుత తోకలు, లేడి బొచ్చు, వేయి రంగుల దారములు. మా వానికి స్వర్గము. నాకు మొదట మాంత్రికుని యిల్లువలె దోచినది. బల్ల యంచున బిగించిన చిన్న పట్టకారులో గాలపు ముంటిని నిలిపి, ఒక నడివయసు స్త్రీ మన కంసాలి మాదిరిగా దల వంచి కట్టుచుండెను. గోడకు నెమలికన్నులు కట్టగా వ్రేలాడుచుండెను. ఆమె నన్ను జూచి, మా దేశపు పక్షి గదా యని నవ్వి యొక యీక నా చేతికిచ్చెను. కృష్ణుని సిగలో జూచుటకు నలవాటుపడిన వస్తువు అమెరికా చేపకు మృత్యువుగా మాఱినది గదా యని నాకు దిగ్భ్రమ కలిగినది.

అదొక్కటే గాదు. ఆమె వేఱొక తోలు తీసి చూపెను. మెడయీకల చివర లక్క చుక్కలు పెట్టినట్లు పసుపుదెల్లని మచ్చలు. నేను వెంటనే గుర్తించితిని. అది మన దక్షిణదేశపు అడవికోడి. గోదావరికి దక్షిణమున నడవులలో దిరుగునది. పందొమ్మిదవ శతాబ్దమునుండి వీని తోళ్లు మన రేవులనుండి ఇంగ్లండునకు బోయినవి. మన దేశమున 1972 చట్టము వన్యపక్షులకు రక్షణ కల్పించినది. ఆమెయొద్ద నున్నది విదేశములో బెంచిన పక్షిదని చెప్పెను. గోడనానుకొని నొక పాత గాలపు కఱ్ఱ యుండెను. వెదురును ఆఱు చీలికలుగా జీల్చి, అంచులు చెక్కి, జిగురుతో నంటించి చేసినది. చైనా వెదురు వచ్చువఱకు, పందొమ్మిదవ శతాబ్దమున అమెరికావారు ఇట్టి కఱ్ఱలను 'కలకత్తా వెదురు'తోనే చేసిరట. మన వెదురు, మన నెమలి, మన కోడి. విద్య మాత్రము వారిది. ఆ యంగడిలో నిలిచి నాకు గొంత గర్వమును, గొంత సిగ్గును గలిగినవని దాచనేల?

గోర్డన్ పిమ్మట ఈ విద్య యెట్లు నిలిచెను? అతడు చాలమందికి నేర్పలేదు. నేర్చినవారిలో ముఖ్యుడు లిబర్టీ యను నూరి తపాలాఫీసు గుమాస్తా రాయ్ స్టీన్‌రాడ్. అతడు 1916లో 'హెండ్రిక్సన్' అను నీగను గట్టి, తరువాత వనరక్షణోద్యోగియై, అడిగిన బాలురకెల్ల నేర్పెను. కాని యా కాలమున వృత్తిగా గట్టువారిలో నధికులు తమ చేతిపనిని రహస్యముగా నుంచుకొనిరి. రూబ్ క్రాస్ అను దీర్ఘకాయుడు అందఱిలో నిపుణుడు. 1920ల చివర వాల్ట్ డెట్టి యను యువకుడు అతనికడకు బోయి, 50 డాలర్లిత్తును, నేర్పుమని యడిగెను. ఆ దినములలో అది చిన్న సొమ్ము గాదు. క్రాస్ నిరాకరించెను.

అప్పుడు డెట్టి యేమి చేసెను? క్రాస్ కట్టిన యీగలను గొని తెచ్చి, ఒక్కొక్క చుట్టును వెనుకకు విప్పి చూచెను. దారము ఏ దిక్కునకు దిరిగినది, ఈక ఎన్ని చుట్లు, ఱెక్క ముందు గట్టినాడా, నడుము ముందు గట్టినాడా — విప్పిన క్రమమును దలక్రిందులు చేసిన గట్టు క్రమము తేలును. వాల్టును, అతని భార్య విన్నీయు, స్నేహితుడు హారీ డార్బీయు ఈ విధముగనే నేర్చిరి. డెట్టి దంపతులు రాస్కో గ్రామమున నంగడి పెట్టిరి. ఆ వంశమువారే నేటికిని లివింగ్‌స్టన్ మేనరులో నా పేరుతో నడుపుచున్నారు. డార్బీయు, అతని భార్య ఎల్సీయు వేఱంగడి పెట్టి, మంచి బూడిదరంగు ఈకలకై కోళ్లను దామే పెంచిరి. మనకు ఏకలవ్యుడు జ్ఞప్తికి రాకమానడు. ఇక్కడ బొటనవ్రేలు మిగిలినది. ఆ వ్రేలితోనే పని.

వినోదమేమనగా, ఆ రూబ్ క్రాసే 1936లో తన విద్యనంతయు నొక పుస్తకముగా వ్రాసి యచ్చువేయించెను. ఇతరులు విప్పి చూచి నేర్చిన పిమ్మట దాచి ప్రయోజనమేమి యనుకొనెనో, వయసు మనసును మెత్తబఱచెనో, నేను జెప్పజాలను. ముందే చెప్పియున్న 50 డాలర్లు మిగిలియుండును.

ఈ కథ చదివినప్పుడు నాకు నా విద్యార్థిదశ గుర్తునకు వచ్చినది. నేను చదివిన చోట నొక పండితుడు చక్రబంధములు వ్రాయుటలో దిట్ట. పద్యములోని యక్షరములను జక్రపు టాకులలో నమర్చిన కవిపేరు, కృతిపేరు వలయములలో దేలును. నేర్పుమని మూడు నెలలు వెంట దిరిగితిని. "అది చెప్పిన వచ్చునది గాదు" అనెడివారు. చెప్పకున్నను రావలెనని పట్టుదల కలిగి, వారు వ్రాసిన పద్యమొకటి తీసికొని, ఏ యక్షరము ఏ పాదమున నెన్నవదో లెక్కవేసి, పలకమీద విప్పుచు నొక వేసవి గడపితిని. వచ్చినది. వారికి జూపితిని. మెచ్చుకొనలేదు, కోపగింపనులేదు, "ఆఱవ వలయమున యతి తప్పినది" అనిరి. నిజమే, తప్పినది. విప్పి నేర్చిన విద్యలో నిట్టి లోపములుండును. ప్రక్కన గూర్చుండి దిద్దువాడుండిన నొక దినములో బోవు తప్పు, నాకు నాలుగేండ్లు వెంబడించెను. వారు గతించిరి. వారియొద్ద నింకను నేమేమి యుండెనో యెవరికిని దెలియదు.

మధ్యాహ్నమునకు రాస్కో చేరితిమి. ఊరి పలకమీద 'ట్రౌటుల పట్టణ'మని వ్రాసియుండెను. అచ్చట బీవర్‌కిల్, విల్లోవిమాక్ అను రెండేళ్లు కలియును. ఆ సంగమమును 'జంక్షన్ పూల్' అందురు. ఏప్రిలు 1వ తేదీ తెల్లవాఱుజామున జనులు మంచులో జేరి తొలి గాలము వేయునది యిచ్చటనే. మనవారు సంగమమున స్నానము చేయుదురు. వీరును నడుమువఱకు నీట నిలుతురు గాని సంకల్పము వేఱు! మేము పోయినప్పుడు మనుష్యుడొక్కడు లేడు. నీరు అద్దమువలె తేటగానుండి, అడుగున నొక్కొక్క ఱాయియు లెక్కకు వచ్చుచుండెను. మా వాడు చొక్కా చేతులు మడచి, నీటిలోని యొక ఱాతిని దీసి త్రిప్పి చూపెను. దాని యడుగున బల్లపఱపుగా నంటుకొని, ఆఱు కాళ్లతో బ్రాకుచు నొక పురుగు, వ్రేలిగోరంత లేదు. "తాతయ్యా, ఇది యింక మూడు వారములకు ఱెక్కలు విప్పును. క్విల్ గోర్డన్ ఇదే" అనెను. ఆ ఱాతిని మరల నెట్లున్నదో యట్లే బోర్లించి పెట్టెను. ఆ జాగ్రత్త నాకు నచ్చినది.

ఈ తేటనీరు ఊరక దక్కలేదు. 1960లలో ఈ లోయవెంట పెద్ద రహదారి వేసినప్పుడు, యంత్రములు ఏటిలో దిగి మడుగులను బూడ్చు ప్రమాదము వచ్చెను. ఈగలు గట్టుకొని బ్రతుకు ఎల్సీ డార్బీ ముందు నిలిచి, అధికారులతో వాదించెను. అంతయు దక్కలేదు, కొంత దక్కినది. జలాశయములనుండి యేళ్లకు జాలినంత చల్లని నీరు విడువవలెనని 1970లలో వేఱొక పోరాటము జరిగినది. దాని ఫలమున నిప్పు డానకట్టల దిగువను ట్రౌటు బ్రతుకుచున్నది. ఎల్సీ 1980లో గతించెను. ఆమెయు మఱికొందఱును దలపెట్టిన ప్రదర్శనశాల 1981లో నేర్పడి, నేడు విల్లోవిమాక్ యొడ్డున నున్నది. అచ్చట పాత యీగలను, కఱ్ఱలను భద్రపఱచుటతో నూరకుండక, పిల్లలకు నీగలు గట్టుట నేర్పుచున్నారు.

మీలో నొకరు అడుగుదురు. నేనును మా వానిని అడిగితిని. ఇంత నేర్పు ఒక మూగజీవిని మోసగించుటకేనా? ఆ యేళ్లలో గొన్ని భాగములలో బట్టిన చేపను జంపరాదు, వెంటనే విడువవలయును. 1960లనుండి ఈ నియమ మున్నది. ముంటికి వెనుకకొక్కి లేకుండ జేయుదురు. చేపకు బాధ లేదని నేననను. నోట ముల్లు దిగిన బాధ యుండకేమి? మా వాడును లేదనలేదు. "బాధ యుండును తాతయ్యా. కాని గాలము వేయువారు లేకున్న నీ యేటికై పోట్లాడిన వారెవరు?" అనెను. దీనికి నాయొద్ద శ్లోకమేదియు లేదు. తోళ్లు ఊనినవారును, రహదారి వేసినవారును చేపను బట్టలేదు. కాని వారివలన జచ్చినన్ని చేపలు గాలములవలన జావలేదు. ఇది సమాధానము గాదని నాకు దెలియును. అయినను లెక్కలో జేర్పవలసిన సంగతి.

తిరుగు ప్రయాణమున జీకటి పడెను. వెనుక పీటమీద మా వాడు చిన్న దీపము వెలిగించుకొని వంగి యేమో చేయుచుండెను. అంగడిలో నాలుగు డాలర్లు పెట్టి కొన్న క్విల్ గోర్డనును విప్పుచున్నాడు! కోడియీక ఊడినది. ఱెక్క ఊడినది. నెమలియీనె చుట్లు చుట్లుగా విడివడి, గాలికి నా పంచెమీద వచ్చి వ్రాలినది. కుమారుడు చూచి, "డబ్బు దండుగ చేసితివి గదరా" అనెను. వాడు పలుకక, ఒక కాగితముమీద ఇంగ్లీషున గ్రమము వ్రాసికొనుచుండెను.

నేను కండ్లజోడు పెట్టుకొని యా కాగితమును జూచితిని. నెమలియీనె యన్నచోట చుట్ల సంఖ్య వ్రాయలేదు. "ఎన్ని చుట్లురా?" అంటిని. లెక్కపెట్టలేదనెను. పంచెమీది యీనెను దీసి యిచ్చితిని. ముడతలు పడినచోట్లను వ్రేలితో దడవి యిద్దఱమును లెక్కించితిమి. ఇంటికి జేరగానే కోడలు గుమ్మములో నెదురై, "ఏమి చెప్పినారు మామయ్యగారూ?" అని యడిగినది. మేమప్పటికి తొమ్మిదవ చుట్టు దగ్గఱ నున్నాము.